ఎవరు నేర్పారని అడిగితే

"నవీనక్క ఇట్ల కొట్టది మమ్మీ. పాట పాడుకుంట కొడ్తది," అంది ఆరాధన.

మహిమ చేతి కింద జొన్నరొట్టె గుండ్రంగా సాగుతోంది. పెనం మీద ఇంకో రొట్టె తడి ఆరుతోంది. పక్క పొయ్యి మీద ప్రేమ్‌చంద్ డబ్బాలోకి వంకాయ కూర, దాని వెనకే అత్తమ్మ రిబ్కమ్మ కోసం ఉప్పు తగ్గించి విడిగా చేసిన పప్పు. ఆరేళ్ల ఆరాధన జడ వేయించుకోవడానికి దువ్వెన పట్టుకుని వంటింటి గడపలో కూర్చుని ఉంది.

"పాట పాడుకుంటనా?" ముందు గదిలో బూట్లు తొడుక్కుంటున్న ప్రేమ్‌చంద్ నవ్వాడు. "నువ్వు గూడ జర నేర్చుకోరాదు మహిమా. పొద్దుగాల పొద్దుగాల ఆ ముడుసుకున్న మొకం చూసే బాధ తప్పుతది."

రిబ్కమ్మ కూడా నవ్వింది. మహిమ చేతి కింద రొట్టె అంచు చీలింది. ఆమె పిండిని మళ్లీ ముద్ద చేసి, నీళ్లు అద్ది, మొదటి నుంచి కొట్టడం మొదలుపెట్టింది. ఎప్పుడూ చీలని అంచు అది.

నవీన పేరు ఆ ఇంట్లోకి పోయిన జూన్‌లో, ఆరాధనను కొత్త బడిలో వేసినప్పుడు వచ్చింది. కరీంనగర్ ఊరవతల మామిడితోటలో ఉన్న ఆ బడి గురించి ప్రేమ్‌చంద్‌కు బ్యాంకులో ఎవరో చెప్పారు. వాల్డార్ఫ్ అనే విదేశీ పద్ధతిని మన పిల్లలకు నప్పేలా మార్చి నడుపుతున్నారని, అక్కడ చదివే పిల్లలే వేరని. ఏడేళ్లు నిండేదాకా అక్కడ పలకా బలపం ఇవ్వరు. పాటలు, కథలు, మట్టిపని, తోటపని, దారంతో అల్లిక, వారానికోసారి రొట్టెలు. ఏ కాలంలో ఏది పూస్తే దాన్ని తెచ్చి తరగతిలో ఒక చిన్న బల్ల మీద పెడతారు. ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో ఆ బల్ల నిండా మోదుగపూలు, మామిడి పూత. ఇంటికొచ్చి ఆరాధన వాటన్నిటి గురించీ చెప్పేది. చెప్పే ప్రతి మాట ముందూ తరగతి టీచరు నవీనక్క ఉండేది. నవీనక్క చెప్పింది, చీమల్ని తొక్కొద్దట. నవీనక్క చెప్పింది, నీళ్లు కూర్చుని తాగాలట. కూర్చుని తాగమని ఆ పిల్లకు నడక వచ్చినప్పటి నుంచీ మహిమ చెబుతూనే ఉంది.

మహిమది ఆదిలాబాద్. తండ్రి ఫిలిప్ పత్తి జిన్నింగ్ మిల్లులో పని చేస్తూనే కూతురికి టీచర్ ట్రైనింగ్ చెప్పించాడు. మిషన్ బడిలో కొన్నాళ్లు ఒకటో తరగతికి చెప్పింది కూడా. చర్చిలో పెళ్లిమాటలు నడిచినప్పుడు "పిల్ల బడిల చెప్తది" అని నలుగురికీ గొప్పగా చెప్పుకున్న రిబ్కమ్మే, పెళ్లయిన నెల తిరక్కుండా "నువ్వు బడికి పోతే ఇంట్ల పొయ్యి ఎవలు ముట్టియ్యాలె" అంది. ప్రేమ్‌చంద్ అలా అనలేదు. ముద్దుగా అన్నాడు. "బయటోళ్ల పిల్లలకు ఎందుకు చెప్పుడు? రేపు మనకు పుడ్తరు గద, వాళ్లకే చెప్పు." కొత్త పెళ్లికూతురికి అది ప్రేమలాగే వినిపించింది. ఇప్పుడు ఆ పుట్టిన పిల్లను తీసుకెళ్లి ఇంకొకామె చేతిలో పెట్టి, ఆమె ఎంత బాగా చెబుతుందో అని ఇంటిల్లిపాదీ మురిసిపోతున్నారు. మురిపెం ఎక్కువై ప్రేమ్‌చంద్ బడి తల్లిదండ్రుల సంఘంలో చేరాడు. మీటింగుల్లో "మా ఆమె ఇంట్ల ఖాళీగనే ఉంటది, వస్తది సార్" అని మహిమ చేతులను ఏ పనికి కావాలంటే ఆ పనికి రాసిచ్చేస్తున్నాడు. అలా ఆమె బడికి గుడ్డబొమ్మలు కుట్టింది, తెరలు ఉతికింది, తోటపని రోజున అందరికీ అంబలి కాచింది.

మొన్నటి చలికాలంలో ఒక రొట్టెల రోజున కూడా అలాగే వెళ్లింది. ప్రేమ్‌చంద్ దింపడానికి వచ్చి, ఆఫీసుకు ఇంకా పొద్దుందని కిటికీ దగ్గర నిలబడిపోయాడు. నేల మీద చాప పరిచి, నవీన మధ్యలో కూర్చుని ఉంది. మహిమ ఈడుదే. పలచటి నేత చీర, మోచేతి దాకా అంటిన పిండి. చుట్టూ పిల్లలు, ఒక్కొక్కరి ముందూ చిన్న పిండిముద్ద. నవీన ఏదో గాలి మీద, వాన మీద పాట పాడుతూ రొట్టె కొడుతోంది. మహిమ ఆ రొట్టెను చూసింది. మధ్యలో దళసరి, అంచు పలచన. పెనం మీద వెయ్యగానే విరిగిపోయే రొట్టె. విరిగిపోయింది కూడా. పిల్లలు ఆ ముక్కల కోసం ఎగబడ్డారు.

"చూడు, ఎంత ఓపిక," అన్నాడు ప్రేమ్‌చంద్ మెల్లగా. "చేసే పని మీద ఎంత ప్రేమ చూడు."

మహిమ అతని వైపు తిరిగి చూసింది. ఇంట్లో రోజూ పొద్దున అతని వెనకాలే ఈ చప్పుడు అవుతుంది. ఒక్కసారైనా అతను కిటికీ దగ్గర కాదు, గుమ్మం దగ్గరైనా నిలబడి చూశాడా? "ఇయ్యాల అంచు జర గట్టిగున్నది" అన్నాడు, అంతే. అదే పిండి, అదే పెనం. ఆ పని తన వంటింట్లో జరిగితే ఎవరి కళ్లకూ ఆనని పని. ఇక్కడ చాప పరిచి చేస్తే అది చదువు. తర్వాత పిల్లలు పీటలు వాల్చారు. నవీనక్క వచ్చి కూర్చునేదాకా ఎవ్వరూ ముద్ద ముట్టలేదు. ఆమె కూర్చుని, చిన్న దీపం వెలిగించి, నేలకూ వానకూ దండం అని చెప్పాక, ఒక పిల్ల ఆమె పళ్లెంలో రొట్టె ముక్క పెట్టింది. పెట్టింది ఆరాధనే. ఇంట్లో మహిమ అందరూ తిన్నాక వంటింటి గట్టు దగ్గర నిలబడి గిన్నెలో మిగిలింది తింటుంది. తన కూతురు తన పళ్లెంలో ఏదైనా పెట్టిన రోజు ఆమెకు గుర్తు రాలేదు. తాను ఎప్పుడూ పళ్లెం పెట్టుకుని కూర్చోలేదని మాత్రం గుర్తొచ్చింది.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టింది. రిబ్కమ్మ అన్నం తిని కునుకు తీసే వేళ, బడి నుంచి వచ్చిన కూతురిని డాబా మీదికి తీసుకెళ్లి, నీడ పట్టున సున్నంముక్కతో నేల మీద 'అ' రాసింది. ఆరాధన కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. మహిమ ఆ పిల్ల వేలు పట్టుకుని దిద్దించింది. ట్రైనింగ్‌లో నేర్చుకున్నదంతా వేళ్ల చివరికి వచ్చింది. ఏ అక్షరాన్ని ఏ కథతో చెప్పాలి, ఏది ముందు, ఏది వెనక, పిల్ల చెయ్యి నొప్పి పుట్టక ముందే ఎక్కడ ఆపాలి. అయిపోగానే చెంబెడు నీళ్లు పోసి కడిగేసింది.

"బడిల చెప్పకు. నానమ్మకు, డాడీకి గూడ చెప్పకు," అంది. "ఇది మన ఇద్దరి ముచ్చట."

"నవీనక్కకు?"

"నవీనక్కకు అసలే వద్దు."

ఆ మాట అంటున్నప్పుడు మహిమకు లోపల హాయిగా అనిపించింది. నవీన చేతికి దొరకనిది ఒకటి తన దగ్గర ఉంది. పిల్ల వేగంగా నేర్చుకుంది. గుణింతాలు, వత్తులు కూడా వచ్చేశాయి. ఒక్కో అక్షరం వచ్చినప్పుడల్లా, కూతురు ఒక్కో అడుగు నవీన వైపు నుంచి తన వైపు వస్తున్నట్టు మహిమ లెక్క వేసుకుంది. కింద మెట్ల మీద అత్తమ్మ దగ్గు వినబడితే ఇద్దరూ నోరు మూసుకుని నవ్వుకునేవాళ్లు. పెళ్లయ్యాక మహిమ అలా నవ్వుకున్నది ఆ డాబా మీదే.

ఆ సంతోషంతోనే ఆగి ఉంటే బాగుండేది. బడి పెద్ద రామచంద్రం సారు తల్లులందరినీ పిలిచి మీటింగ్ పెట్టాడు. వసంతోత్సవం పనులు పంచుకోవడానికని పిలిచాడు గానీ, మాట అక్షరాల మీదికి మళ్లింది. ముందుగా లేచింది ఇఖ్రా తల్లి జమాలున్నీసా. ఆమెకు బజార్లో బట్టల దుకాణం ఉంది, మనసులో మాట దాచుకునే మనిషి కాదు.

"పాటలు మంచిగున్నయ్ సార్, కాదనను. కాని మా ఆయన రోజు పరేషాన్ చేస్తుండు. పక్కింటి పొల్ల పేపర్ చదువుతుంది, మన ఇఖ్రాకు ఏమొచ్చు అంటుండు. నేనేం చెప్పాలె?"

నవీన లేచి నెమ్మదిగా చెప్పింది. పిల్లల చేతులు, చెవులు ముందు తయారు కావాలని, ఏడేళ్లకు అక్షరం పట్టుకుంటే గబగబా వచ్చేస్తుందని. ఆమె మాట్లాడుతుంటే అందరూ వింటున్నారు. మహిమ నవీన మొహం కంటే ఆ వింటున్న మొహాలనే చూసింది. తాను ఇంట్లో నోరు తెరిస్తే సగం మాట దగ్గరే టీవీ శబ్దం పెరుగుతుంది. ఒక మనిషి మొదలుపెట్టిన మాటను చివరిదాకా పూర్తి చేయగలగడం ఎలా ఉంటుందో!

"మహిమగారు టీచర్ ట్రైనింగ్ చేసినోళ్లే గద," అన్నాడు రామచంద్రం సారు. "మీరేమంటరమ్మా?"

అందరూ తిరిగి చూశారు. నవీన కూడా చూసింది. ఆ చూపులో ఆశ ఉంది. తోటి టీచరు తన పక్షాన మాట్లాడుతుందన్న నమ్మకం. ఆ నమ్మకమే మహిమను రగిలించింది.

"నాకైతే భయమైతుంది సార్," అంది. "ఏడాది అయితుంది. మా ఆరాధనకు ఒక్క అక్షరం రాదు. తన పేరు తను రాసుకోరాదు."

గదిలో గుసగుసలు లేచాయి. చదువుకున్నామె, పైగా టీచరమ్మ అన్నది. తక్కిన తల్లులు ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. నవీన కూర్చుంది. మళ్లీ లేవలేదు.

తర్వాతి వారం ఉత్సవానికి రంగు కాచడానికని మోదుగపూల రేకులు తీస్తూ ఉండగా జమాలున్నీసా చెప్పింది. "తెలుసునా అక్కా? జూన్ల పిల్లల్ని తీసేస్తమని శానామంది చెప్పిన్రట. సార్ నవీన టీచర్‌ను చిన్నపిల్లల క్లాసు నుంచి తీసేస్తడట. ఉంచుతడో, పంపిస్తడో." ఆగి, రేకులు అంటిన వేళ్లు దులుపుకుంది. "నాకు అంత దూరం పోతదని తెల్వది. ఆమె మంచిదే పాపం."

మహిమకు ముందు సంతోషమే కలిగింది. అది సంతోషం కాదని తనకు తాను చెప్పుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. పెద్ద గంజులో మరుగుతున్న నీళ్లు నారింజరంగు తిరుగుతుంటే, వాటిని కలుపుతూ, జూన్‌లో ఆ పేరు తన ఇంట్లో వినబడదని అనుకుంది. ఆ పూట ఇంటికెళ్లి కూర తాలింపు వేసేటప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. ఈ కొలువు పోతే నవీన ఏం చేస్తుంది? తనలాగే ఏ ఇంట్లోనో రొట్టెలు కొడుతుందా? పాట లేకుండా? అలా అనుకోగానే సంతోషం పోయింది. అసూయ పోలేదు. రెండూ ఒకటే అనుకుంది ఇంతకాలం.

ఉత్సవానికి రిబ్కమ్మ రానంది. "ఈస్టర్ ముంగటి శ్రమకాలం దినాలు. సిలువ ధ్యానాలకు పోవాల్సినోళ్లు రంగులు చల్లుకునుడేంది," అని గొణిగింది. కొడుకు బయల్దేరేసరికి మాత్రం "పిల్లకు కొత్త గౌను తొడుగు" అని మహిమకు పురమాయించింది.

మామిడితోటంతా జనం. పిల్లలు మోదుగపూల కిరీటాలతో గుండ్రంగా తిరిగి పాడారు. తల్లులు తెచ్చిన శనగ గుడాలు, పేలాల లడ్డూలు ఆకుల్లో పంచారు. చివరికి చెట్ల మధ్య నేల మీద పొడవాటి తెల్లగుడ్డ పరిచి, మోదుగ రంగు గిన్నెలు పెట్టారు. పిల్లలు అందులో అరచేతులు ముంచి అచ్చులు వెయ్యాలి. ఒకరిమీద ఒకరు పడుతూ వేస్తున్నారు. ఆరాధన వెయ్యలేదు. అరచెయ్యి కాకుండా ఒక్క వేలే ముంచింది. గుడ్డ అంచున మోకాళ్ల మీద కూర్చుని, నాలుక బయట పెట్టి, నెమ్మదిగా గీసింది. ముందు 'న'. తర్వాత 'వీ'. మళ్లీ 'న'. ఆపై 'క'. కింద వత్తు పెట్టాలని గుర్తొచ్చి వేలు మళ్లీ ముంచుకుని 'క్క' పూర్తి చేసింది.

నవీనక్క.

మహిమ చూస్తూ నిలబడింది. ఆ మాట తాను నేర్పలేదు. అమ్మ నేర్పింది, ఆవు నేర్పింది, ఆరాధన అని నేర్పింది. డాబా మీద తాను ఒక్కొక్కటిగా ఇచ్చిన అక్షరాలను పోగేసి, ఆ పిల్ల తనంతట తాను రాసుకున్న మొదటి పేరు అది.

"అరె, గిది చూడున్రి," ప్రేమ్‌చంద్ గొంతు అందరికంటే పైకి లేచింది. "అక్షరం రాదు, అక్షరం రాదని గొడవ చేస్తిరి గద. పలక ముట్టకుంటనే టీచరమ్మ ఎట్ల నేర్పిందో చూడున్రి సార్. పద్ధతి అంటే గిది."

జనం మూగారు. ఎవరో చప్పట్లు కొట్టారు. మొన్న వేలెత్తి చూపిన తల్లులే నవీన చేతులు పట్టుకున్నారు.

"నేను నేర్పలే," అంది నవీన, అయోమయంగా.

"గదే టీచరమ్మ గొప్పతనం," అన్నాడు ప్రేమ్‌చంద్. "చేసింది చెప్పుకోదు."

రామచంద్రం సారు పిల్ల పక్కన వంగాడు. "ఎవరు నేర్పిన్రు బిడ్డా?"

ఆరాధన తల ఎత్తి తల్లి వైపు చూసింది. పెదవులు గట్టిగా బిగించింది. సారు మళ్లీ అడిగాడు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ పెదవులు తెరవలేదు. మన ఇద్దరి ముచ్చట అని ఒప్పుకుంది. ఆ ఒప్పందాన్ని ఇంత జనం ముందు, ఆ చిన్న మొహంతో, ఒక్కతే మోస్తోంది.

ఊరుకుంటే అన్నీ సర్దుకుంటాయి. మహిమకు అది స్పష్టంగా కనబడింది. నవీన కొలువు నిలబడుతుంది. మీటింగులో తానన్న అబద్ధం ఎవరికీ తెలియదు. ప్రేమ్‌చంద్ పేరు పెరుగుతుంది. ఒక్కటే పోతుంది. ఆ మధ్యాహ్నాలు. పిల్ల వేలి మీద తన వేలు. జీవితంలో మళ్లీ దొరికిన ఒకే ఒక్క తరగతి. దాన్ని కూడా నవీన పళ్లెంలో పెట్టి, తాను గట్టు దగ్గర నిలబడాలి.

"నేను నేర్పిన," అంది మహిమ.

ప్రేమ్‌చంద్ నవ్వాడు. "నువ్వా? ఎప్పుడు?"

"మీరు ఆఫీసుకు పోయినంక. అత్తమ్మ పండుకున్నంక. డాబా మీద."

"మరి మొన్న మీటింగ్ల ఒక్క అక్షరం రాదంటివి గదక్కా," అంది జమాలున్నీసా. ఎత్తిపొడుపుగా కాదు, అర్థం కాక.

"అబద్ధం చెప్పిన. అప్పటికే పేరు రాస్తుండె. టీచర్ తప్పేం లేదు." మహిమ మాట ఆపలేదు. పూర్తి చేసింది. "కాని అక్షరాలు మాత్రం ఆమె నేర్పలే. నేనే నేర్పిన."

ఆరాధన లేచి పరుగున వచ్చి, రంగు చేతులతోనే తల్లి నడుము చుట్టేసి వెక్కి వెక్కి ఏడ్చింది.

జనం సర్దుకున్నాక, మహిమ గిన్నెలు కడుగుతున్న నల్లా దగ్గరికి నవీన వచ్చింది. ఆమె మొహంలో ఉత్సవం లేదు.

"నీ ఒక్క మాటకు నా పని పోతుండె. తెలుసా నీకు?"

"తెలుసు. జమాలున్నీసా చెప్పింది."

"తెలిసి గూడ ఊకున్నవా?"

మహిమ తల ఊపింది.

"నేనేం చేసిన నీకు?"

మహిమ గిన్నె అడుగు తోముతూనే ఉంది. "నువ్వు కూసుండి తింటవు," అంది. "పిల్లలు నీకోసం ఆగుతరు. నువ్వు మాట్లాడ్తుంటే అందరు ఆఖరిదాక ఇంటరు. నాకు ఓర్వబుద్ధి కాలే."

నవీన ఆమెనే చూసింది. "నాకు కోపం పోలే," అంది. "పోతదో లేదో గూడ తెల్వది. కాని ఆ పిల్ల వత్తు మర్చిపోకుంట పెట్టింది. మంచిగ నేర్పినవు." కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

మహిమ గిన్నెలు బోర్లించి, నేరుగా రామచంద్రం సారు గది వైపు నడిచింది.

ప్రేమ్‌చంద్ కారును మానేరు వంతెన ఎక్కించాడు. వెనక సీట్లో ఆరాధన నిద్రపోయింది. పొద్దు వాలుతున్న వెలుగు నీళ్ల మీద పరుచుకుని ఉంది.

"సార్ దగ్గరకు ఎందుకు పోయినవ్?"

"జూన్ నుంచి పనికి తీస్కుంటరా అని అడిగిన."

అతను బ్రేకు మీద కాలు పెట్టి తిరిగి చూశాడు. "ఏమన్నడు?"

"తీస్కోనన్నడు. తోటి మనిషి మీద అబద్ధం చెప్పినదాన్ని పిల్లల దగ్గర పెట్టలేనన్నడు."

"మంచిగ చెప్పిండు."

"అవు. మంచిగనే చెప్పిండు," అంది మహిమ. "ఇంకో బడిల అడుగుత. అది కాకుంటే ఇంకోటి. ఊర్ల బడులు శానా ఉన్నయ్."

"ఇంట్ల మా అమ్మను ఎవలు చూస్తరు?"

ఆ ప్రశ్నకు జవాబు వెతకాల్సింది తానొక్కతే కాదని మహిమకు మొదటిసారి అనిపించింది. నవీన గుర్తొచ్చింది. ఇప్పుడు తోటలో చాపలు చుడుతూ ఉంటుంది. ఆ అసూయ ఇంకా అలాగే ఉంది. తగ్గలేదు. కానీ అది ఎందుకో ఆమెకు తెలుసు.

"నీకు బుద్ధి ఉన్నదా అసలు?" ప్రేమ్‌చంద్ గొంతు తగ్గించాడు, పిల్ల లేస్తుందని. "టీచర్ నేర్పిందని నేను చెప్పిన, అందరు నమ్మిన్రు. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే అయిపోతుండె. నేర్పింది నువ్వని ఎవ్వలకు తెల్వకపోతుండె గద."

మహిమ అద్దం దించింది. మానేరు మీది గాలి మొహానికి తగిలింది.

"తెల్వాల్ననే చెప్పిన," అంది.